దొరికిన చరిత్ర

ఆదివాసీల చరిత్రను ఎలా పరిశోధించాలో హైదరాబాదుకు ఇంకొకరు నేర్పనక్కరలేదు. మనకు ఎనభై ఏళ్లు దాటిన అనుభవం ఉంది. 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపారు. ఆ పని పూర్తయ్యాక సర్కారుకు సందేహం కలిగింది, ఇంతకీ ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారని. భీం బతికుండగా ఆయననే అడగవచ్చు. కానీ అలా అడిగితే అది మాటామంతీ అవుతుంది, పరిశోధన ఎలా అవుతుంది? అందుకని హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పంపారు. ఆయన మార్లవాయిలో కాపురం పెట్టి, గోండులకు భూమి పట్టాలు ఇవ్వాలని, పిల్లలకు గోండిలోనే చదువు చెప్పాలని పట్టుబట్టాడు. పరిశోధకుడన్నవాడు అంత దూరం వెళ్లకూడదు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. మనవాళ్లు ఆ పొరపాటు చేయరు, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు.

మొన్న ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా, బంజారాహిల్స్‌లో ఒక చల్లని హాలులో సదస్సు జరిగింది. (ఆ కొండలకు పేరిచ్చిన బంజారాలు ఇప్పుడు అక్కడ ఎందరున్నారన్నది మరో సదస్సుకు దాచుకోదగ్గ అంశం.) గుస్సాడి అంటే దీపావళి రోజుల్లో, దండారి పండుగలో, గోండులు దీక్షపట్టి ఆడే నృత్యం. అయితే దీపావళికి ముఖ్య అతిథికి తీరిక ఉండదు కదా! కనుక నెమలి పింఛాల టోపీలతో గుస్సాడీలు ఆగస్టులోనే గుమ్మం ముందు గంటన్నర నిలబడ్డారు.

లోపల ఒక వక్త, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు మనకు దొరకడం గొప్ప విజయమన్నారు. ఆ లిపికి 2018లో, కంప్యూటర్లు అక్షరాలకు వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో, చోటు దక్కిందని కూడా చెప్పారు, చప్పట్లు కొట్టాం. నా పక్కనున్న గోండు పెద్దాయన మెల్లగా అడిగారు: "మా ఇళ్లలో మేం దాచుకున్నవి మీకు దొరికాయంటున్నారు. మీరు ఎక్కడ పోగొట్టుకున్నారు సార్?"

ఈ ప్రశ్న ఏ శాస్త్రం కిందికి వస్తుందో తేలక నేను నోట్సు రాసుకోలేదు. ప్రశ్నలకు కేటాయించిన సమయం శాలువాలకు సరిపోయింది. 1981లో ఇంద్రవెల్లిలో ఆదివాసీలపై పోలీసులు జరిపిన కాల్పుల్లో చనిపోయింది సర్కారు చెప్పిన పదమూడు మందా, హక్కుల సంఘాలు చెప్పిన అరవై మందా అన్న చర్చ కార్యక్రమ పత్రంలోనే లేదు. భోజనం మాత్రం ఉంది, రెండు రకాల తీపితో.

తరువాత ఖర్చుల పట్టిక నా కంటపడింది. గుస్సాడీల పారితోషికాన్ని 'వేదిక అలంకరణ' కింద చూపారు, బంతిపూల దండల తరువాతి వరుసలో.