మాసపత్రిక గారికి ఓ అట్టపెట్టెలవాడి విన్నపం

మహారాజశ్రీ గుజ్జు, కాగితం, ప్యాకేజింగ్ పరిశ్రమల సంఘం వారి మాసపత్రిక గారి దివ్యసముఖమునకు,

విజయవాడ ఆటోనగర్‌లో మూడు ప్లై, ఐదు ప్లై (అంటే మూడు పొరల, ఐదు పొరల) అట్టపెట్టెలు చేసుకు బతికే ఒక సభ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా వైపు సంగతి ఆనవాయితీ కొద్దీ రాశాను గానీ, తమరు కులాసాగా ఉన్నారని మాత్రం ఈ నెల సంచిక చేతికి రాగానే తెలిసిపోయింది. నున్నగా, బరువుగా తళతళలాడుతున్నారు. కాగితం కనబడితే వేళ్ల మధ్య నలిపి చూడకుండా ఉండలేని జబ్బు మా వృత్తిలో అందరికీ ఉంటుంది. చూశాను. 130 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 130 గ్రాములు తూగే ఆర్ట్ పేపరు. దిగుమతి సరుకేనని మా డీలరు కూడా చూసి చెప్పాడు. ఆ పేపరు మీదే మూడో పేజీలో "దిగుమతులను తక్షణం అరికట్టాలి" అంటూ కేంద్రానికిచ్చిన వినతిపత్రం అచ్చయింది. అక్షరం అక్షరం ఎంత స్పష్టంగా పడిందో! మన పేపరైతే ఇంకు కాస్త పీల్చేది.

ముందుగా తమరి ముఖచిత్రానికి జేజేలు. జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, శాలువా కప్పుతున్న ఫొటో, జ్ఞాపిక అందిస్తున్న ఫొటో. కప్పేవారూ కప్పించుకునేవారూ నెలనెలా చోట్లు మార్చుకుంటారు తప్ప కొత్త ముఖం పడదు. లోపల అధ్యక్షుల వారి సందేశం. "మన దేశంలో తలసరి కాగితం వాడకం 15, 16 కిలోలే, ప్రపంచ సగటు 57 కిలోలు, కాబట్టి మనకు అపారమైన అవకాశాలున్నాయి." నాకు సభ్యత్వం వచ్చినప్పటి నుంచీ ఇదే వాక్యం. అధ్యక్షులు ఎందరో మారారు, అవకాశాలు మాత్రం అపారంగానే ఉండిపోయాయి. నా వరకు లోటు లేదు లెండి, నా వంతు 15 కిలోల్లో సగం తమరి పాత సంచికలే.

ఇక అసలు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. అట్టపెట్టె మీద 12 శాతం ఉన్నది 5 అయింది. ఆ పెట్టెకి కావలసిన క్రాఫ్ట్ పేపరు (గోధుమరంగు గట్టి కాగితం) మీద 12 ఉన్నది 18 అయింది. ఆ నెల తమరి మకుటం నాకింకా కంఠతా ఉంది: "చారిత్రక నిర్ణయం! ప్యాకేజింగ్ రంగానికి భారీ ఊరట!" పక్కనే మంత్రిగారికి పుష్పగుచ్ఛం ఇస్తున్న ప్రతినిధి బృందం.

ఊరట ఎలా ఉందో లెక్క చెబుతాను, వీలైతే ఆ పుష్పగుచ్ఛం పట్టుకున్నవారికి కూడా చదివి వినిపించండి. నూరు రూపాయల పెట్టెలో పేపరు ఖర్చు 65 రూపాయలు అనుకుందాం. దాని మీద 18 శాతం, అంటే 11 రూపాయల 70 పైసలు మిల్లుకి ముందే చెల్లిస్తాను. పెట్టె అమ్మినప్పుడు పన్ను కింద నాకు వచ్చేది 5 రూపాయలు. తేడా 6 రూపాయల 70 పైసలు జీఎస్టీ పోర్టల్లో క్రెడిట్ అనే పేరుతో కూర్చుంటుంది. రోజూ లాగిన్ అయి దర్శనం చేసుకోవచ్చు. రిఫండుకి అర్జీ పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది, నేను కాదనను. అది వచ్చేదాకా శనివారం కూలీల బట్వాడా ఆ స్క్రీన్‌షాట్‌తో చేయొచ్చో లేదో తమరు వచ్చే సంచికలో నిపుణులతో ఒక వ్యాసం రాయిస్తే మేలు. పైగా కొనేవాళ్లంతా మొదటి వారంలోనే ఫోన్లు చేశారు, "పన్ను తగ్గిందటగా, రేటు ఎంత తగ్గిస్తున్నారు?" అని. వాళ్లూ తమరి చందాదారులేనేమో.

నోటుబుక్కుల సంగతి ఇంకా వినోదం. నోటుబుక్కుకి పోయే పేపరు మీద పన్ను సున్నా. అదే పేపరు ఆఫీసు పనికి పోతే 18 శాతం. మిల్లులో రీలు చుట్టేటప్పుడే అది బడికెళ్తుందో ఆఫీసుకెళ్తుందో జాతకం చూడాలన్నమాట. జ్యోతి వెలిగించే కార్యక్రమాలు ఎలాగూ ఉన్నాయి, ఒక జ్యోతిష్కుణ్ణి కూడా పిలిపించండి.

తమరిలో నాకు అన్నిటికన్నా నచ్చేది సమభావం. 2025 ఆగస్టులో వర్జిన్ మల్టీలేయర్ పేపర్‌బోర్డు (కొత్త గుజ్జుతో చేసే పలు పొరల అట్ట) దిగుమతికి కనీస ధర పెట్టారు, టన్నుకు 67,220 రూపాయలు. అంతకన్నా చవగ్గా తేకూడదన్నారు. మిల్లుల వారికి పండగ. 2023-24లో దేశంలోకి సుమారు 19 లక్షల టన్నుల కాగితం, అట్ట దిగుమతయ్యాయి, ఆసియాన్ దేశాల నుంచయితే సుంకమే లేదు. ఎంతకని ఓర్చుకుంటారు పాపం, వారి బాధ నిజమే. కానీ ఆ బోర్డు కొని మందుల డబ్బాలు, స్వీటు డబ్బాలు చేసేవాళ్లు కూడా తమరి సభ్యులేగా? ఆ నెల మూడో పేజీలో కనీస ధర సాధించినందుకు అభినందనలు, పదకొండో పేజీలో ముడిసరుకు ధర పెరిగినందుకు ఆందోళన. ఒకే కవర్లో పెళ్లి శుభలేఖా, పెద్దకర్మ కార్డూ పెట్టి పంపినట్టుంది. రెండింటి కిందా సంతకం ఒకరిదే.

అలాగే అమెరికా వారు 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు రొయ్యల ఎగుమతి తడబడింది. రొయ్య ఆగితే ఆ ప్యాకెట్లు సర్దే పెద్ద అట్టపెట్టె, మాస్టర్ కార్టన్ ఆగుతుంది, మాస్టర్ కార్టన్ ఆగితే నా స్టిచింగ్ మెషిన్ ఆగుతుంది. తమరి కవర్ కథనం మాత్రం "ఎగుమతి ప్యాకేజింగ్‌కు ఉజ్వల భవిష్యత్తు". భవిష్యత్తే అన్నారు కదా, వర్తమానం గురించి తమరు ఏమీ అనలేదు. తప్పు పట్టడానికి లేదు.

ఇప్పుడు కొంచెం కిందికి దిగి మా షెడ్డులోకి రండి. రీలు వస్తుంది. లేబులు మీద 120 జీఎస్ఎం, 18 బీఎఫ్ (బర్స్ట్ ఫ్యాక్టర్, అంటే పేపరు చినగకుండా ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో చెప్పే అంకె). పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్ల ముక్క కోసి కాటాలో వేస్తాం. 1.2 గ్రాములు తూగాలి. 1.28 తూగింది. అంటే 128 జీఎస్ఎం. కాస్త మందంగా వచ్చింది, మంచిదేగా అంటారు తెలియనివాళ్లు. మేం కొనేది కిలోల్లో, అమ్మేది పెట్టెల్లో. టన్నుకి 8,333 చదరపు మీటర్లు రావలసింది 7,812 వస్తుంది. ఐదొందల చదరపు మీటర్ల పైన గాల్లో కలిసింది. వానాకాలమైతే ఆ మందం కూడా పేపరు కాదు, తడి. కృష్ణలో నీళ్లు ఊరికే పారుతుంటే మేం రీళ్లలో కిలోల లెక్కన కొనుక్కుంటున్నాం. బర్స్ట్ టెస్టరు మీద పెడితే 18 చెప్పిన బీఎఫ్ పదిహేను దగ్గరే చినిగింది. మిల్లుకి ఫోను చేస్తే "మీ మెషిన్ కాలిబ్రేషన్ చూసుకోండి" అన్నారు. మర్నాడు సాయంత్రం వాట్సాప్‌లో ఒక లెటరు: "ఖర్చులు పెరిగినందున రేపటి నుంచి కిలోకి రూపాయిన్నర పెంపు." తమరి "నాణ్యతా ప్రమాణాలు" శీర్షికలో ఆ నెల విషయం ఏమిటో గుర్తుందా? "కృత్రిమ మేధతో భవిష్యత్ ప్యాకేజింగ్."

డబ్బు వసూలు గురించి కూడా తమరు చేసిన సేవ మరువలేనిది. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరని ఆదాయపు పన్నులో నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని మీద తమరు స్టార్ హోటల్లో సెమినార్ పెట్టారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి సకాలంలో చెల్లింపుల ఆవశ్యకత గురించి అనర్గళంగా మాట్లాడారు. వారి కంపెనీ నాకివ్వాల్సిన బిల్లు మూడో నెల దాటింది. భోజనాల దగ్గర పలకరిద్దామని వెళ్తే, వారికి శాలువా కప్పే కార్యక్రమం మొదలైంది.

ఇంకొక చిన్న సందేహం. తమరి పేరులో మొదటి మాటే గుజ్జు. అది ఎక్కడి నుంచి వస్తుందో తమరిలో ఎప్పుడూ చదవలేదు. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతు చెట్టు కొట్టించి, కూలీలతో తొక్క ఒలిపించి, లారీకెత్తించి, మిల్లు గేటు దగ్గర తూకం కోసం నిలబడతాడు. రేటు ఎంతో వాడికి చివర్న తెలుస్తుంది. ఆటోనగర్ రోడ్ల మీద తెల్లారకముందే పాత అట్టలు ఏరి తొక్కుడు రిక్షాలో పేర్చుకునే ఆవిడ లేకపోతే సగం మిల్లులకు ముడిసరుకే లేదు. ఆవిణ్ణి తమరు "సర్క్యులర్ ఎకానమీ" అంటారు. పేరు పెద్దదే, ఫొటో మాత్రం వేయలేదు. కాగజ్‌నగర్‌లో ఊరికి పేరిచ్చిన మిల్లే 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక గానీ మళ్లీ తిరగలేదు. నా దగ్గరున్న ఆనాటి తమరి సంచికలు తిరగేశాను. ఆ నాలుగేళ్లూ అక్కడి కార్మికుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఒక్క పంక్తి లేదు. తిరిగి తెరిచినప్పుడు రిబ్బన్ కత్తిరింపు రంగుల్లో వేశారు. రిబ్బన్ బాగుంది.

మరచాను, ఈ మధ్య తమరు ఈమెయిల్లో కూడా వేంచేస్తున్నారు. అడుగున ఆకుపచ్చ అక్షరాల్లో ఒక హితవు: "పర్యావరణాన్ని కాపాడండి, అవసరమైతే తప్ప ప్రింటు తీయకండి." కాగితం అమ్ముకునేవాళ్ల సంఘం ఇది. పైనేమో ఆగస్టు 1 పేపర్ డే సంబరాల ఆహ్వానం. సాగు చేసిన చెట్ల నుంచే మన కాగితం వస్తుందని, అడవులు నరకడం లేదని పేజీలకు పేజీలు తమరే రాస్తారు. ఏది నమ్మమంటారు? నేను మాత్రం కర్తవ్యంగా భావించి ఆ ఈమెయిలుకి రెండు కాపీలు ప్రింటు తీయించాను.

పెద్ద కోరికలేం లేవు. మొదటి పేజీలో ఒక చిన్న గడి ఇవ్వండి. ఈ నెల ఏ మిల్లు క్రాఫ్ట్ ఎంత రేటు, లేబులు మీద ఎంత బీఎఫ్, పరీక్షలో ఎంత, ఎవరెవరు చిన్న యూనిట్లకు బాకీ ఎన్నాళ్లుగా పెట్టారు. అంతే. ప్రకటనలు పోతాయని తమరికి టెన్షన్ అని తెలుసు. అయితే ఆ గడి శాలువా ఫొటో కింద, కనపడీ కనపడనంత అక్షరాల్లోనైనా వేయండి. మేం భూతద్దం కొనుక్కుంటాం.

ఇట్లు,
ఏ గ్రూపు ఫొటోలోనూ పడని విధేయ సభ్యుడు

తా.క.: వార్షిక సభ్యత్వ రుసుము కట్టమని తమరి ఆఫీసు పంపిన బిల్లు అందింది. దాని మీద 18 శాతం జీఎస్టీ వేశారు. మా ఆడిటరు గారు చూసి, ఇది సర్వీసు కిందికి వస్తుంది, పెట్టెల రిఫండు లెక్కలో సర్వీసుల మీద కట్టిన పన్ను చేరదు, తిరిగి రాదు అన్నారు. అందుకని ఈ ఏడు రుసుముకి సరిపడా ఐదు ప్లై పెట్టెలు ఆటోలో పంపిస్తున్నాను. వాటి మీద 5 శాతమే. సంతకం చేసి దించుకోగలరు.