రోగికి తప్ప అందరికీ చెప్పాలి

వైద్యంలో విలువలు మంటగలిసిపోయాయని గగ్గోలు పెట్టేవాళ్లను ఒక పూట ఆసుపత్రులతో నిండిన కర్నూలు గాయత్రీ ఎస్టేట్‌లో తిప్పాలి. ఆదోని నుంచి, గద్వాల నుంచి, రాయచూరు నుంచి వచ్చిన జనంతో ఆ వీధులు కిటకిటలాడుతుంటాయి. అక్కడ ఒక నీతి మాత్రం చెక్కుచెదరలేదు. జబ్బు సంగతి రోగి చెవిన పడకూడదు.

రిపోర్టు రాగానే డాక్టరు కొడుకును లోపలికి పిలుస్తాడు. "నాయన బయట కూర్చుంటాడులే సార్" అని కొడుకే తలుపు దగ్గరికేస్తాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి "గ్యాసంట నాయనా" అంటాడు. సాయంత్రానికల్లా ఊళ్లో టీకొట్టాయనకు కూడా అది ఏ స్టేజో తెలిసిపోతుంది. మందుల షాపు పిల్లోడు చీటీ చూసి గొంతు తగ్గిస్తాడు. గ్యాస్‌కు ఇంతమంది చీనీకాయలు పట్టుకుని ఎందుకొస్తున్నారో పెద్దాయనకు ఒక్కడికే అంతుపట్టదు.

డాక్టర్లు రూల్స్ పాటించరనడం వట్టి అపవాదు. రోగి పరిస్థితిని ఎక్కువ చేసి చెప్పకూడదు, తక్కువ చేసీ చెప్పకూడదు అని భారత వైద్య మండలి 2002 నియమావళిలో ఉంది. మనవాళ్లు కొడుకుతో "గ్యారంటీ ఇవ్వలేం" అంటారు, తండ్రితో "ఏం లేదు పెద్దాయనా, తగ్గిపోతుంది" అంటారు. రెండూ కలిపి రెండుతో భాగించండి, లెక్క సరిపోతుంది.

సుప్రీంకోర్టుకే మన మర్యాదలు తెలియవు. ఢిల్లీలో ఒకామె మత్తులో ఉండగా, తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి రాలేదు కాబట్టి ఆమెకు మెలకువ వచ్చాక ఆమెనే అడగాల్సిందని, తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో కోర్టు తేల్చింది. కన్నతల్లి మాటకే దిక్కులేకపోతే బావమరిది సంతకాలతో నడిచే మన ఆపరేషన్లు ఏం కావాలి? ఇంగ్లీషులో ఉన్న కాగితాల మీద నర్సమ్మ ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా అతను గీకేస్తాడు. "ఏముందమ్మా ఇందులో?" అంటే "అందరూ పెట్టేదే అన్నా, పెట్టు" అంటుంది. అంతకు మించిన వివరణ ఏం కావాలి!

ఇదంతా ప్రేమతోనే చేస్తారు, కాదనను. మనిషి బెంగతోనే పోతాడని భయం. ఆ బెంగేదో ఆయన్నే అడిగి తెలుసుకోవచ్చుగా అంటే, అదీ మర్యాద కాదట.

కాకపోతే పొలం కాగితాల దగ్గర మాత్రం బావమరిది సంతకం పనికిరాదు. ఆరోజు పెద్దాయన్ను కారులో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు జాగ్రత్తగా దించుతారు. ప్రతి పేజీ చదివి వినిపిస్తారు. ఆయనకు మతి నిక్షేపంగా ఉందని ఇద్దరు సాక్షి సంతకాలు కూడా పెడతారు.