పేదలను సరుకుగా ప్రకటించాలి

ఇల్లు లేనివాళ్ల సమస్యకు పరిష్కారం దొరికిందనీ, అది రేవుల్లో ఖాళీగా పడి ఉందనీ మేధావులు కొన్నేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఓడలెక్కి దిగీ అలిసిపోయిన ఇనప పెట్టెలు, అంటే కంటైనర్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తల దాచుకునే చోటు లేని మనుషులు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. వీళ్లను తీసుకెళ్లి వాటిలో పెడితే లెక్క సరి. కాస్త రంగేసి, ఓ కిటికీ కోసి, గుమ్మం పక్కన పూలకుండీ పెట్టి ఫొటో తీస్తే పథకం కూడా పూర్తయినట్టే.

ఈ ఆలోచనకు నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. ఒక్క సవరణ మాత్రం కోరుతున్నాను. పేదవాణ్ణి కంటైనర్‌లో మనిషి హోదాలో పెట్టకండి, సరుకు హోదాలో పెట్టండి. తొందరపడి తిట్టకుండా నా మనవి చివరిదాకా వింటే ఇందులో పేదవాడికి ఎంత లాభముందో మీకే తెలుస్తుంది.

ముందు సరుకు ఎలా బాగుపడిందో చూద్దాం. ఒకప్పుడు రేవులో దాని బతుకు కూడా దిక్కుమాలిందే. ప్రతి బస్తానూ ప్రతి పీపానూ కూలీలు ఒక్కొక్కటిగా ఎత్తాలి, దించాలి. వానొస్తే తడవాలి, దొంగొస్తే పోవాలి. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీదికెక్కించి అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆ రోజుతో సరుకు దశ తిరిగింది. దానికంటూ ఒక గది, ఒక తలుపు, ఒక తాళం వచ్చాయి. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలతో ప్రపంచంలో ఇంకెవరికీ ఉండని నంబరు వచ్చింది. కంటైనర్లు దిగే రేవు ఏదైనా సరే, అక్కడ దాని కొలతకు సరిపోయే క్రేను, దాన్ని మోసే లారీ, దింపి ఉంచడానికి యార్డులో జాగా సిద్ధంగా ఉంటాయి. జాగా అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

భద్రత సంగతి చూస్తే సరుకు ఇంకా అదృష్టవంతురాలు. కంటైనర్లు ఎంత గట్టిగా ఉండాలో చెప్పడానికి 1972లో ఒక అంతర్జాతీయ ఒప్పందమే కుదిరింది. దాని ప్రకారం ప్రతి పెట్టె తలుపు మీదా ఒక లోహపు పలక ఉంటుంది. తయారైన అయిదేళ్లలోపు మొదటి తనిఖీ, ఆ తర్వాత ముప్పై నెలలకు మించకుండా మళ్లీ మళ్లీ తనిఖీ. అద్దె కొంపలో పైకప్పు పెచ్చులూడి పడుతోందని ఇంటాయనకు చెప్పి చూసినవాళ్లకు ముప్పై నెలలన్న గడువు విలువ తెలుస్తుంది. కిటికీ కోసం గోడ కోసేసిన పెట్టె ఇక ఓడెక్కడానికి పనికిరాదు, కాబట్టి ఆ పలకకూ విలువ ఉండదు. సరుకు దిగిపోయి మనిషి ఎక్కగానే అంతర్జాతీయ సమాజం బాధ్యత తీరిపోతుంది.

వేడి విషయానికొద్దాం. అరటిపండ్లు ప్రయాణం చేసేటప్పుడు పెట్టెలో ఉష్ణోగ్రత 13 డిగ్రీల చుట్టూ ఉండాలి. గడ్డకట్టిన మాంసానికైతే సున్నాకు 18 డిగ్రీలు దిగువన. ఇందుకోసం గోడల నిండా వేడినీ చలినీ ఆపే ఇన్సులేషన్ నింపి, వెనక యంత్రం బిగించిన ప్రత్యేకమైన పెట్టెలున్నాయి. డిగ్రీ తేడా వస్తే ఓడ మీదివాళ్లకు టెన్షన్, పండు పాడైతే నష్టపరిహారం కోసం బీమా కంపెనీకి ఉత్తరాలు. అదే మనిషి విషయంలో ఏం జరిగిందంటే, ఇంగ్లండ్‌లో ఇల్లు లేని కుటుంబాలను ఇలా మార్చిన కంటైనర్లలో ఉంచితే ఎండాకాలం కాలిపోతున్నాయనీ, చలికాలం గడ్డకట్టిస్తున్నాయనీ అక్కడి బాలల కమిషనర్ 2019లో నివేదిక ఇచ్చారు. అందులో ఉన్నది పిల్లలు కాబట్టి విషయం నివేదికతో సరిపోయింది. అరటిపండ్లయి ఉంటే కేసయ్యేది.

లోపల చెమ్మ కూడా పడుతుంది. పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడ్డ ఇనప కప్పుకు తగిలి, నీటి బొట్లయి కింద పడుతుంది. ఓడల వ్యాపారంలో దీన్ని కంటైనర్ వాన అంటారు. సరుకు తడవకుండా తేమ పీల్చే సంచులు లోపల వేలాడదీస్తారు. సరుకు ఊపిరి తీసుకోదు, వంట చేయదు, బట్టలు ఉతికి ఆరేయదు, అయినా దానికి సంచులు. ఇవన్నీ చేసే అయిదుగురు ఒకే పెట్టెలో పడుకుంటే గోడకు బూజెందుకు పట్టిందని వాళ్లనే అడుగుతారు. కిటికీ తీసి పెట్టుకోమని సలహా కూడా ఇస్తారు.

కిటికీ కథ వేరే ఉంది. కంటైనర్‌ను ఎంత గట్టిగా చేస్తారంటే, నిండా సరుకుతో ఒకదాని మీద ఒకటి ఎనిమిది తొమ్మిది వరసలు పేర్చినా కింది పెట్టె తట్టుకుంటుంది. ఆ బరువంతా మూలల్లో ఉన్న నాలుగు స్తంభాలు మోస్తాయి. ముడతల రేకు గోడలు పెట్టె మెలి తిరగకుండా పట్టి ఉంచుతాయి. అంత గట్టి పెట్టెను తెచ్చి, ముందు గాలి కోసం ఒక కన్నం, తర్వాత తలుపు కోసం ఒక కన్నం, పక్క పెట్టెతో కలిపి హాలు చేయడానికి గోడకు గోడే కోసేస్తాం. కోసిన చోట బలం పోతుంది కాబట్టి మళ్లీ ఇనుము కొని, చుట్టూ ఫ్రేము వెల్డింగ్ చేయిస్తాం. కోతకు కూలీ, అతుకుకు కూలీ. నేలకు వేసిన చెక్కలో పురుగు పట్టకుండా మందు కొట్టి ఉంటుంది కనుక దాన్ని పీకించి మరో చెక్క వేయిస్తాం, లేదంటే పైన పూత పూయిస్తాం. పాత పెట్టెలో ఇదివరకు ఏం మోశారో తెలియదని అనుమానమొస్తే, ఒక్కసారే ఓడెక్కి దిగిన దాదాపు కొత్త పెట్టెను కొంటాం. పారేసిన వస్తువును వాడుకుంటున్నామన్న పుణ్యం అక్కడితో సరి. డబ్బు మిగిల్చే పనికి ఇంత డబ్బు ఖర్చు పెట్టించగలగడం చిన్న ప్రతిభ కాదు.

కొలతలు నేను స్వయంగా వేసి చూశాను, కాగితం మీద. బయటికి ఎనిమిదడుగుల వెడల్పు. లోపల ఏడడుగుల ఎనిమిదంగుళాలు. రెండు పక్కలా ఇన్సులేషన్, దాని మీద పలకలు బిగిస్తే ఏడడుగులు మిగులుతుంది. అయిదడుగుల మంచం పొడుగ్గా వేస్తే పక్కన రెండడుగుల దారి. ఆ దారిలో ఒకరు వెళ్తుంటే ఎదురొచ్చేవారు మంచమెక్కాలి. ఎత్తు మామూలు పెట్టెలో ఎనిమిదడుగులకు రెండంగుళాలు తక్కువ. కిందా పైనా పలకలు వేశాక ఆ ఎత్తులో సీలింగ్ ఫ్యాన్ బిగిస్తే, చేతులెత్తి చొక్కా తొడుక్కునేవాళ్లు ముందుగా కరెంటు పోయే వేళలు తెలుసుకోవాలి. సరుకుకైతే చొక్కాలు మార్చుకునే అలవాటు లేదు.

చిత్రమేమిటంటే ఇదే పెట్టె కొండ మీద, చెట్ల మధ్య, ఒక పక్కంతా అద్దం బిగించి పెడితే దానికి రాత్రికింతని లెక్కగట్టి అద్దె ఇస్తారు. ఆరు పెట్టెలు కలిపి ఇల్లు కట్టుకున్నాయన అది సాదా జీవితమని ఇంటర్వ్యూలిస్తాడు. ఒక్క పెట్టెలో ఆరుగురున్న ఇంటికి ఎవరూ మైకు పట్టుకుని రారు.

ఫ్యాక్టరీలో ఇల్లు చేసి తెచ్చి దించడం పనికిమాలిన ఆలోచనని నేననడం లేదు. నిజానికి అది మంచి ఆలోచన. వానకు పని ఆగదు, గోడ వంకర పోదు, నెలల పని వారాల్లో అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఇళ్లు కూలిన బ్రిటన్ 1944లో చట్టం చేసి, ఇలా ఫ్యాక్టరీలో చేసిన ప్రీఫాబ్ ఇళ్లను లక్షన్నరకు పైగా దించింది. పదేళ్లు నిలిస్తే చాలనుకున్నారు. కొన్నింట్లో యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా జనం ఉన్నారు, ఖాళీ చేయమంటే కదలమని పోట్లాడారు. వాటిలో అమర్చిన వంటగది, ఫ్రిజ్, ఇంట్లోనే మరుగుదొడ్డి, బయట తోటకు కాస్త నేల ఉండేవి. గోడలు ఫ్యాక్టరీవి. స్థలం, నీళ్లు, మురుగు కాలువ చూసింది మాత్రం ప్రభుత్వం.

అలా చూసేవాళ్లు లేని చోట కథ మరోలా నడిచింది. అమెరికాలో లస్ట్రాన్ అనే కంపెనీ యుద్ధం తర్వాత ప్రభుత్వ అప్పుతో ఎనామెల్ పూసిన ఉక్కు ఇళ్లు చేసింది. తుప్పు పట్టదు, రంగు వేయక్కర్లేదు. గోడకు మేకు దిగదు కాబట్టి పటం తగిలించాలంటే అయస్కాంతం కావాలి. ఫ్యాక్టరీ పెద్దది, అందులోంచి బయటికొచ్చిన ఇళ్లు తక్కువ. దాదాపు రెండున్నర వేల ఇళ్లు చేశాక 1950లో మూతపడింది. కెనడాలోని మాంట్రియల్‌లో మోషే సఫ్దీ అనే యువ ఆర్కిటెక్ట్ కాంక్రీటు పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి 1967లో హాబిటాట్ 67 కట్టాడు. మామూలు జనానికి అందుబాటులో ఉండాలన్నది ఆశయం. వెయ్యికి పైగా అనుకున్నవి చివరికి 158 ఇళ్లయ్యాయి. ఇప్పుడవి సంపన్నులు కొనుక్కునే ఇళ్లు. పెట్టె పేదది కావచ్చు, అది నిలబడ్డ చోటు పేదది కాకపోతే పేదవాడికి దక్కదు.

అన్నట్టు, జాగా దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. నగరంలో ఇంటి ధర ఆకాశాన్ని అంటడానికి కారణం ఇటుకలు కావు. భూమి ధర, దాని మీద వడ్డీ, కాలువ, కరెంటు లైను, అనుమతి కాగితం. ఇవేవీ కంటైనర్‌లో పెట్టి పంపరు. పెట్టె మీద ఎంత మిగిల్చినా దాని కింద నేల ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్థలం తేలకముందే పెట్టెకు ఏ రంగు వేయాలో పోటీలు పెడుతున్నాం. ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఎవరికీ అక్కర్లేని నేల మీద పెడితే చవకే. అక్కణ్నుంచి రోజూ పనికి వచ్చి వెళ్లే బస్సు ఖర్చు మాత్రం పథకం లెక్కలోకి రాదు, అది పేదవాడి సొంత విషయం.

సరుకుకు ఇంకో హక్కుంది, ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. పెట్టె రేవులో గడువు దాటి ఉండిపోతే రోజుకింతని జరిమానా పడుతుంది. దాన్ని డెమరేజ్ అంటారు. ఆ భయానికి సరుకును ఎవరూ దారిలో మరిచిపోరు. తాత్కాలిక వసతిలో పెట్టిన మనుషులకు కూడా ఇదే నియమం వర్తింపజేయమంటున్నాను. ఆరు నెలలకని పెట్టి ఆరేళ్లుంచితే, రోజుకింతని ఉంచినవాడే కట్టాలి. అలా చేస్తే ప్రపంచంలో తాత్కాలికమన్న పదానికి అర్థం ఒక్క ఏడాదిలో స్థిరపడుతుందని నా నమ్మకం.

అందుకని నమూనా పత్రం కూడా సరుకు రవాణా పత్రం చూసి నేనే తయారుచేశాను. పంపినవారు అన్న గడి సులభంగానే నిండింది, ఇళ్లు ఖాళీ చేయించినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మోసేవారు దొరికారు, క్రేను దొరికింది, పెట్టె సరేసరి. సరుకు అందుకునేవారు అన్న గడి దగ్గర పని ఆగింది. పథకం అద్భుతమని అందరూ అన్నారు, పేదవాళ్లకు ఏదో ఒకటి చేయాల్సిందేనని కూడా అన్నారు. పెట్టెలు తమ వీధి చివర మాత్రం దించొద్దన్నారు. గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి ప్రస్తుతానికి పక్క పేట పేరు రాసి పంపాను. వాళ్లు ఇదే పత్రంలో మా పేట పేరు రాసి అప్పటికే పంపేశారట.