ఫోటోలో ఒక ఇల్లు, వెళ్లి చూస్తే ఇంకో ఇల్లు

ఇల్లు అమ్మేవాళ్లు పెట్టే ఫోటోలు చూస్తే ఒళ్లు మండిపోతోంది. వైడ్ యాంగిల్‌లో ఓ మూల నుంచి తీస్తారు. పదడుగుల బెడ్‌రూమ్ ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది. తీరా ట్రాఫిక్‌లో పడి బాచుపల్లి దాకా వెళ్తే, అక్కడ మంచం వేశాక బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు!

వీడియోలు మరీ ఘోరం. డ్రోన్ పైకి లేస్తుంది, చెరువు, పచ్చదనం, వెనకాల మ్యూజిక్. ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పు? చూపించరు. బాల్కనీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందే పక్క అపార్ట్‌మెంట్ గోడ? అదీ చూపించరు. పట్టపగలే చీకటిగా ఉండే వంటగదిని లైట్లన్నీ వేసి తీస్తారు. బాత్రూమ్ సీలింగ్‌లో చెమ్మ ఉంటే ఫ్రేమ్‌లోకే రానివ్వరు. ధర అడిగితే "ముందు సైట్ విజిట్‌కి రండి సార్" అంటారు. ఎందుకండీ ఈ దాపరికం?

కొత్త ప్రాజెక్టులకు 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఉంది. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా కనపడాలి. ప్రకటననో మోడల్ ఫ్లాట్‌నో నమ్మి అడ్వాన్స్ కట్టాక అది అబద్ధమని తేలితే, 12వ సెక్షన్ కింద డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. మరి రీల్స్‌లో ఆ నంబరు ఏ మూల పెడుతున్నారు? వ్యక్తులు అమ్మే పాత ఫ్లాట్లకైతే ఆ రక్షణ కూడా లేదు.

20 ఏళ్లు ఈఎంఐ కట్టేది మేము. కొలతలతో ఒక ఫ్లోర్ ప్లాన్, పగటి వెలుతురులో మామూలు ఫోటోలు, వీధి చివర నుంచి గుమ్మం దాకా కట్ లేని వీడియో ఒకటి. ఇవి పెట్టడానికి ఏం అడ్డం?