పెళ్లి సామాన్లు మనమే చేసుకుంటే మిగిలేదెంత?

పెళ్లి కుదిరిన ఇంట్లో ఇప్పుడు రెండు జాబితాలు ఉంటున్నాయి. ఒకటి పురోహితుడు రాసిచ్చేది: పసుపు, కుంకుమ, వక్కలు, ఎండుకొబ్బరి, నవధాన్యాలు, జాకెట్టు ముక్కలు. రెండోది పెళ్లికూతురి ఫోన్‌లో ఉంటుంది: పేర్లు రాసిన అడ్డుతెర, ముత్యాలు అంటించిన కొబ్బరి బొండాం, పూసలు కుట్టిన బాసికాలు, రంగులేసిన రోలు రోకలి, హల్దీకి పూల నగలు, చీరకు మ్యాచింగ్‌గా సిల్క్ థ్రెడ్ గాజులు. మొదటి జాబితా అమ్మమ్మల కాలం నుంచీ పెద్దగా మారలేదు. రెండోది ప్రతి ముహూర్తాల సీజన్‌కూ పెరుగుతోంది. ఇవన్నీ కొంటే తడిసి మోపెడవుతుంది కాబట్టి ఇంట్లోనే చేసుకుందాం అనే మాట ఈ రెండో జాబితా చూశాకే వస్తుంది.

చేసుకోవచ్చు. చాలావరకు చేతకాని పనులేమీ కావు. కానీ ఆదా లెక్క మాత్రం వీడియోల్లో చెప్పినంత సాఫీగా ఉండదు.

గాజుల సంగతే చూడండి. కావాల్సింది మామూలు ప్లాస్టిక్ గాజు, సిల్క్ దారం, ఫ్యాబ్రిక్ గ్లూ, కుందన్ రాళ్లు. ఇరవై ముప్ఫై పోగులు కలిపి, జుట్టు దువ్వినట్టు చదునుగా పరిచి, గాజు లోపలి వైపు చుక్క జిగురు పెట్టి చుట్టుకుంటూ రావాలి. పోగులు మెలి తిరిగితే అక్కడ మెరుపు పోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఉంటే కింది ప్లాస్టిక్ బయటపడుతుంది. జిగురు కాస్త ఎక్కువైతే దారం పైకి ఊరి మరక కడుతుంది. చేయి తిరగనివారికి ఒక్క గాజుకే అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. సరుకు ఖర్చు తక్కువే, దుకాణంలో మనం కట్టే ధరలో ఎక్కువ భాగం చుట్టిన చేతికే. అంటే ఇంట్లో చేసుకుంటే మిగిలేది ఆ కూలి. మన కూలి సున్నా అనుకుంటేనే అది ఆదా.

సరుకు కొనడంలోనూ ఒక చిక్కుంది. హైదరాబాద్ బేగంబజార్‌కో, విజయవాడ వన్‌టౌన్‌కో వెళితే హోల్‌సేల్‌లో చవకగానే దొరుకుతుంది. కానీ అక్కడ చాలా చోట్ల లేసు చుట్ట మొత్తం తీసుకోవాలి, ముత్యాలు ప్యాకెట్ల లెక్కన ఇస్తారు, గ్లూ గన్ ఖర్చు అదనం. ఒక తెర, రెండు బాసికాలు, ఒక బొండాం చేసుకునే ఇంట్లో సగానికి పైగా సరుకు అటకెక్కుతుంది. అదే ఒకటి రెండేళ్ల తేడాలో పెళ్లిళ్లున్న అక్కచెల్లెళ్లు, పిన్ని కూతుళ్లు, మేనత్త కూతుళ్లు కలిసి తెచ్చుకుంటే లెక్క మారిపోతుంది. ఇంటి తయారీలో డబ్బు నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. ఒంటరిగా చేసుకునేవాళ్లకు అంతగా మిగలదు.

నన్నడిగితే చేసుకోవాల్సినవి ఒక్కటొక్కటిగా కావాల్సినవి, నెల ముందే చేసి దాచుకోగలిగినవి. అడ్డుతెర అలాంటిదే. జీలకర్ర బెల్లం పెట్టే దాకా వధూవరులు ఒకరికొకరు కనపడకుండా పట్టుకునే గుడ్డ అది, పని అయ్యేది కొద్ది నిమిషాల్లో. కొత్త పట్టుపంచె అడ్డం పట్టినా శాస్త్రానికి లోటు రాదు. పసుపు కుంకుమలతో మధ్యలో స్వస్తిక్ వేస్తే చాలు. కాస్త ఖర్చు పెట్టగలిగితే పేర్లు ప్రింటు చేయించే బదులు కలంకారీ గుడ్డ తీసుకోవడం నయం. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. పెడన గుడ్డ అందుబాటు ధరలోనే వస్తుంది, పెళ్లయ్యాక గోడకో మంచానికో పనికొస్తుంది. పేర్లున్న తెర బీరువాకే అంకితం, చెల్లెలి పెళ్లికి కూడా ఇవ్వలేం. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు పేర్లు లేని తెరనే కొనుక్కుంటే స్నేహితుల ఇళ్లలో నాలుగు పెళ్లిళ్లకు తిరుగుతుంది.

కొబ్బరి బొండాం కూడా చేసుకోవచ్చు గానీ, దాని మీద నేరుగా రాళ్లు అంటించకండి. పచ్చి బొండాంలో తేమకు జిగురు పట్టదు, పట్టినా మండపానికి వెళ్లేలోపే రాలిపోతుంది. పైగా వైశాఖం ఎండలో నిలిపిన కారులో గ్లూ గన్ జిగురు మెత్తబడిపోతుంది. ముందు పసుపు గుడ్డ బిగించి కుట్టి, లేసు దాని మీద కుట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

తలంబ్రాల విషయంలో అయితే కొనడమే తప్పంటాను. బియ్యానికి పసుపు, కాస్త నెయ్యి పట్టించి నీడన ఆరబెట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ప్యాకెట్లలో వచ్చేవాటిలో రంగురంగుల థర్మోకోల్ గుళ్లే ఎక్కువ. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. అయినా పేర్లు చెక్కిన థర్మోకోల్ బోర్డులు, ఈ గుళ్లు బాహాటంగానే అమ్ముతున్నారు. ఫొటోలో బాగానే పడతాయి. జుట్టుకు అతుక్కుని ఒక పట్టాన వదలవు, హాలు ఊడ్చేవాళ్లకు నరకం.

పూలజడ జోలికి మాత్రం వెళ్లొద్దు. తెల్లవారుజామున కోసిన మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది కాబట్టి ముందురోజు కుట్టి పెట్టుకోవడం కుదరదు. పెళ్లి రోజు పొద్దున ఇంట్లో ఎవరికీ ఖాళీ ఉండదు. మొగ్గలు వరుస తప్పకుండా కుట్టడానికి అలవాటైన చేయి కావాలి. ముహూర్తాల రోజుల్లో మల్లెల ధర ఎలాగూ చుక్కలనంటుతుంది, హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు మనమే వెళ్లి కొన్నా, వేలికి సూదులు గుచ్చుకున్నాక మిగిలేది అంతంతే. మగ్గం వర్క్ జాకెట్టు కూడా అంతే. పెళ్లి కోసం కొత్తగా నేర్చుకునే పని కాదది. నేర్చుకున్నవాళ్లకు ఇవ్వాల్సిన కూలి ఇచ్చి చేయించుకోవడమే మర్యాద.

ఇంతా చేస్తే మొత్తం ఖర్చులో ఎంత తగ్గుతుంది? ప్లేటు 600 రూపాయలు అనుకుందాం. పిలుపుల్లో 50 మందిని తగ్గిస్తే 30,000 మిగులుతాయి. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని అంటించిన ముత్యాలన్నీ కలిపినా అంత మిగలడం కష్టం. కానీ పిలుపులు తగ్గించాలంటే పెద్దవాళ్లతో మాటా మాటా వస్తుంది. ముత్యాలకు ఆ టెన్షన్ లేదు కాబట్టి పొదుపంతా అక్కడే చూపిస్తాం.

మధ్యతరగతిలో ఇది సరదా లెక్క. చిన్న సంపాదన ఉన్న ఇంట్లో సరదా కాదు. తెలంగాణలో కల్యాణలక్ష్మి కింద ప్రభుత్వం ఇచ్చేది 1,00,116 రూపాయలు. ఫోన్‌లో చూసిన రెండో జాబితాకు పది వేలు పెడితే అందులో పదో వంతు హారతి కర్పూరం. ఆ జాబితాలో సగం అసలు ఉండక్కర్లేదని చెప్పేవాళ్లు లేక, ఇంట్లో చేసుకుంటే చవక అని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకప్పుడు లేని హల్దీ పూల నగలను ఇంట్లో చేసుకుని ఐదు వందలు ఆదా చేశామనడంలో అర్థం లేదు. అవి చేయకపోతే ఆ సరుకు డబ్బు కూడా మిగిలేది.

చేతులెవరివి అన్నది ఇంకో ప్రశ్న. భద్రాచలం సీతారాముల కల్యాణానికి కోరుకొండ ప్రాంతం నుంచి గోటి తలంబ్రాలు వెళతాయి. వడ్లను గోటితో ఒలవడమంటే మాటలు కాదు, ఎంతోమంది పంచుకుంటారు కాబట్టే అవుతుంది. ఒకప్పుడు పెళ్లిపనులూ వాడకట్టు అమ్మలక్కలంతా చేరితేనే అయ్యేవి. ఇప్పుడు ఫ్లాట్‌లో తల్లీ కూతురూ ఇద్దరే. కూతురికి ఆఫీసు, సెలవులు పెళ్లికి నాలుగు రోజుల ముందు నుంచే. అర్ధరాత్రి దాకా బాసికానికి పూసలు కుట్టేది ఆ తల్లే. బాసికం కట్టేది ఇద్దరి నుదుటికీ. మగపెళ్లివారి వైపు సూది దారం పట్టినవాళ్లను నేనింకా చూడలేదు. రెండు బాసికాల్లో ఒకటి వాళ్లనే చేసి తెమ్మని లగ్నపత్రిక రాసుకునే రోజే అడిగేస్తే సరి.