ఆ ఊదారంగు కొండలు మనుషులు చేసినవే

ఆగస్టు వచ్చిందంటే చాలు, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు ఉండే మనవాళ్ల స్టేటస్‌లన్నీ ఊదారంగైపోతాయి. పికరింగ్ నుంచి విట్‌బీ వెళ్లే దారిలో కారు ఆపి, హోల్ ఆఫ్ హార్కమ్ అంచున దిగిన ఫోటోలు. 120 మీటర్ల లోతున్న గిన్నెలాంటి లోయ, చుట్టూ మిట్టల మీద కనుచూపుమేర హెదర్ అనే పొట్టి పొదల ఊదా పూలు. వేడ్ అనే రాక్షసుడు పెళ్లాం మీద కోపంతో దోసెడు మట్టి పెకలించి విసిరితే ఈ గొయ్యి పడిందని అక్కడి కథ. నిజానికి వేల ఏళ్లుగా ఊటనీళ్లు కొండని తొలిచేశాయి.

ఆ ఫోటోల కింద 'ప్యూర్ నేచర్' అని రాస్తారు చూడండి, అక్కడే నా పేచీ. అక్కడ ఒకప్పుడున్నది అడవి. కంచుయుగం నాటి జనం చెట్లు కొట్టి సాగు చేస్తే నేల సారం పోయింది, ఆ సారంలేని మట్టిలో హెదరే తట్టుకుంది, కొత్తగా మొలిచే చెట్లను గొర్రెలు మేసేశాయి. ఆ తర్వాత గ్రౌస్ అనే కోడిలాంటి పిట్టల వేట వచ్చింది. ఈ పిట్టకు (అరుపు వింటే అచ్చం 'గో బ్యాక్, గో బ్యాక్' అన్నట్టే ఉంటుంది) లేత హెదర్ చిగుళ్లు కావాలి కాబట్టి ముదిరిన పొదల్ని చలికాలంలో మడులు మడులుగా తగలబెడతారు.

ముదిరిన హెదర్ పైకి పూలే గానీ కింద అంతా ఎండు పుల్లలు. 2025 ఆగస్టులో దగ్గర్లోని లాంగ్‌డేల్ మూర్ (మూర్ అంటే ఇలా హెదర్ కప్పిన బీడు) అంటుకుంటే వారాల తరబడి ఆరలేదు, రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబులు కూడా పేలాయి, రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలారు. పొదలు కాల్చనివ్వకపోతే ఇలాగే అవుతుందని వేట వర్గం అంటుంది. కాలిస్తే నేల ఎండిపోయి పీట్‌లోని (తడినేలలో సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మట్టి) కార్బన్ గాల్లో కలుస్తుందని పర్యావరణవాదులు అంటారు. 2025లోనే ఇంగ్లండ్ ప్రభుత్వం రూలు బిగించింది, ఇదివరకు రక్షిత ప్రాంతాల్లో 40 సెంటీమీటర్ల మందం దాటిన పీట్ మీద కాల్చడానికి లైసెన్సు అడిగేవారు, ఇప్పుడు 30 దాటినా అడుగుతారు.

నాకైతే ఇద్దరి మాటా సగమే సరి అనిపిస్తుంది. పీట్ మందంగా ఉన్నచోట నీళ్లు బయటికి పోయే కాలువలు పూడ్చి నేలను తడిగా ఉంచాలి, అక్కడ నిప్పు పెట్టే పనే వద్దు. పలచటి పొడినేల మీద కాస్త కోసి, కాస్త మేపి హెదర్‌ను నిలుపుకోవచ్చు, పిట్టలకూ తేనెటీగలకూ అది కావాలి. లోయ ఏటవాలుల్లో మాత్రం బర్చ్, ఓక్ చెట్లను రానివ్వాలి. ఫోటోలో ఊదారంగు కొంత తగ్గుతుంది. తగ్గితే తగ్గనీ.