బొంత వెనక పేరు కుట్టండి

బొంతలు కుట్టేవాళ్లందరికీ నాదొక గొడవ. ఇంత పని చేస్తారు, చివర్లో పేరు ఎందుకు వెయ్యరు? వెనకవైపు చూపించమంటే చూపిస్తారు, కుట్టు అంతా నీటుగానే ఉంటుంది, పేరు మాత్రం ఉండదు. అడిగితే "ఇంట్లో కప్పుకునేదే కదండీ" అంటారు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

దీన్ని టైంపాస్ అనేవాళ్లు ఒకసారి పక్కన కూర్చుని చూడాలి. ప్యాచ్‌వర్క్‌లో ముక్కల్ని అతకడానికి అంచున వదిలే బట్ట పావు అంగుళం. వరసకి 16 ముక్కలుంటే 15 అతుకులు. ఒక్కో అతుకులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, రెండు ముక్కలదీ కలిపి ఎనిమిదో వంతు పోయినట్టే. వరస చివరికొచ్చేసరికి దాదాపు రెండంగుళాలు తరుగు! ఇక పక్క వరసతో మూలలు కలవమన్నా కలవవు. ఇదంతా దాటాక పైబట్ట, మధ్యలో దూది, అడుగుబట్ట మూడింటినీ కలిపి కుట్టాలి. చేత్తో కుట్టేటప్పుడు అడుగున పెట్టిన వేలికి సూది మొన తగలాలి, తగలగానే దాన్ని పైకి నెట్టాలి. ఆ వైపు కంటికి కనబడదు, అంతా ఆ వేలికే తెలియాలి. కొన్నాళ్లకి ఆ వేలి కొన గట్టిపడిపోతుంది. ఇంత లెక్క, ఇంత ఓపిక ఉన్న పనికి సంతకం అక్కర్లేదా?

హ్యారియెట్ పవర్స్ సంగతి చూడండి. అమెరికాలోని జార్జియాలో 1837లో బానిసగా పుట్టిన మనిషి. బైబిల్ కథల్ని బట్టముక్కలతో బొమ్మలుగా కత్తిరించి, బొంత మీద అతికి కుట్టింది. 1886లో అదే జార్జియాలోని ఏథెన్స్ ఊళ్లో జరిగిన పత్తి సంతలో జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచర్ దాన్ని చూసి కొంటానంటే, పవర్స్ అమ్మనంది. కొన్నేళ్లకి డబ్బుకి కటకటై తనే అమ్మజూపింది. అడిగింది 10 డాలర్లు, చేతికొచ్చింది 5. అమ్మేశాక కూడా దాన్ని చూసుకోవడానికి స్మిత్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లేది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అయిపోతుంది. ఇప్పుడా బొంత స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. ఏ గడిలో ఏ కథ ఉందో ఇవాళ మనకి తెలుస్తోందంటే, ఆ టీచర్ పవర్స్‌ని అడిగి రాసిపెట్టుకోబట్టే. కొన్నవాళ్లు మంచివాళ్లయ్యారు కాబట్టి సరిపోయింది. అందరికీ అలాంటివాళ్లు దొరుకుతారా?

దొరకలేదనడానికి 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనే సాక్ష్యం. పాత అమెరికన్ బొంతల్ని పెయింటింగుల్లా గోడకి వేలాడదీశారు. జనం ఆహా ఓహో అన్నారు, మోడరన్ ఆర్ట్‌తో పోల్చారు. కుట్టినవాళ్లెవరని చూస్తే చాలావాటికి పేరే తెలియదు. అదే మ్యూజియంలో 2002లో అలబామాలోని జీస్ బెండ్ అనే చిన్న పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు కుట్టిన బొంతలు పెట్టారు. ఈసారి కుట్టినవాళ్ల పేర్లున్నాయి. పేరుంటే ఏమొస్తుందంటారా? వాళ్లలో మిస్సోరీ పెట్వే అని ఒకావిడ 1942లో, భర్త పోయాక, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టల్నే చింపి బొంత కుట్టుకుంది. తర్వాత ఆ సంగతి ఆవిడ కూతురు చెప్పింది. పేరు లేకపోతే ఆ కూతుర్ని వెతుక్కుంటూ ఎవరు వెళ్తారు? మనకి మిగిలేది రంగు వెలిసిన నాలుగు పట్టీలు, దాని కింద 'వివరాలు తెలియవు' అన్న చీటీ.

"పేరు వేసుకుంటే గొప్పలు పోయినట్టుంటుంది" అనేవాళ్లూ ఉన్నారు. డ్రాయింగ్ క్లాసులో చేరిన పిల్లాడు మొదటి బొమ్మకే కింద మూల సంతకం పెడతాడు, వాణ్ణి ఎవరైనా ఏమైనా అంటారా? నెలల తరబడి కూర్చుని కుట్టిన మీకెందుకు మొహమాటం?

పెద్ద కష్టమేం కాదు. చిన్న కాటన్ ముక్క మీద ఉతికినా పోని ఇంకుతో మీ పేరు, ఊరు, సంవత్సరం, ఎవరి కోసం కుట్టారో రాయండి. దారంతో కుడితే ఇంకా మంచిది. మూడు పొరలూ కలపకముందే ఆ ముక్కని అడుగుబట్టకి వేసి, తర్వాత దాని మీదుగానే బొంత కుట్టు పోనివ్వండి. అప్పుడు దాన్ని ఊడదీయాలంటే బొంతే విప్పుకోవాలి. వేరేవాళ్ల డిజైన్ చూసి కుడితే వాళ్ల పేరు కూడా రాయండి.

ఇప్పటికే కుట్టినవి ఉంటే బీరువాలోంచి తీయండి, పేరున్న ముక్కని వెనక చేతికుట్టుతో అతికినా చాలు. అమ్మో అమ్మమ్మో కుట్టినవి ఉన్నాయా? వాళ్లని కూర్చోబెట్టి ఏ ముక్క ఎవరి బట్టలోదో అడగండి, అది కూడా రాసి కుట్టెయ్యండి. ఈ వారమే.